మునిగిన ఓడ చెప్పే టెక్సాస్ కథ: ఆస్టిన్‌లోని బుల్లక్ మ్యూజియం

టెక్సాస్ బడుల్లో రాష్ట్ర చరిత్రను పిల్లలు నాలుగో తరగతిలో ఒకసారి, ఏడో తరగతిలో మరోసారి చదువుతారు. మా అబ్బాయి నాలుగో తరగతికి వచ్చిన ఏడాది మా ఇంట్లో భోజనాల వేళ అలమో, శాన్ జసింటో, సామ్ హ్యూస్టన్ అనే పేర్లు సాంబారు, పెరుగు అన్నంత మామూలుగా వినిపించసాగాయి. ఆ సమయంలోనే కాకినాడ నుంచి మా నాన్నగారు వచ్చారు. ఆయన కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవారు. మనవడి పాఠ్యపుస్తకం తిరగేసి, ఈ రాష్ట్రం అమెరికాలో చేరి రెండు వందల ఏళ్ళయినా కాలేదు కదా, దీని చరిత్రకు మూడు అంతస్తుల మ్యూజియం ఎందుకని నవ్వారు. మరుసటి శనివారం ముగ్గురం ఆస్టిన్ వెళ్ళి బుల్లక్ టెక్సాస్ రాష్ట్ర చరిత్ర మ్యూజియం చూశాము. నాలుగు గంటలు గడిచినా మేము పైఅంతస్తును సరిగా చూడలేకపోయాము. అందుకు కారణం కింది అంతస్తులో ఉన్న ఒక పాత ఓడ, దాని ముందు నుంచి కదలనని మొండికేసిన మా నాన్నగారు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఆస్టిన్ వచ్చినవారు, ముఖ్యంగా ఇక్కడి బడుల్లో చదివే పిల్లలున్నవారు, తప్పక చూడవలసిన చోటు ఇది. అయితే పైకి కనిపించేదాన్ని బట్టి దీన్ని అంచనా వేయకూడదు. వాకిట్లో 35 అడుగుల కంచు నక్షత్రం నిలబడి ఉంటుంది; దాని ముందు ఫోటో దిగని కుటుంబం ఉండదు. భవనం తలుపులు తెరిచినది 2001 ఏప్రిల్ 21న, అంటే 1836లో టెక్సాస్ తిరుగుబాటుదారులు మెక్సికో సైన్యాన్ని ఓడించిన శాన్ జసింటో యుద్ధ దినాన. పేరు బాబ్ బుల్లక్‌ది. ఆయన 1991 నుంచి 1999 వరకు రాష్ట్రంలో గవర్నరు తరువాతి పదవి అయిన లెఫ్టినెంట్ గవర్నరుగా ఉండి ఈ మ్యూజియం కోసం పట్టుబట్టిన నాయకుడు. ఇది తెరుచుకునే నాటికి ఆయన లేరు. ఇంత ఆర్భాటం చూసి లోపల విజయగాథలు తప్ప మరేమీ ఉండవని అనుకోవడం సహజం. కానీ ఈ మ్యూజియంలో అన్నిటికన్నా గొప్ప వస్తువు ఒక ఘోరమైన వైఫల్యానికి మిగిలిన ఆనవాలు.

దాని పేరు లా బెల్. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ అనుమతితో లా సాల్ అనే సాహసికుడు మిసిసిపీ నది ముఖద్వారంలో వలస స్థాపించడానికి 1684లో సుమారు 300 మందితో, నాలుగు ఓడలతో బయలుదేరాడు. రెండేళ్ళ ముందు అదే నదిలో ఎగువ నుంచి పడవల మీద సముద్రం దాకా దిగి, ఆ పరీవాహక ప్రాంతమంతా ఫ్రాన్స్‌దేనని ప్రకటించినవాడు ఇతడే. అయినా సముద్రం వైపు నుంచి వచ్చేసరికి ముఖద్వారాన్ని గుర్తించలేక, వందల మైళ్ళు పడమరగా వచ్చి నేటి టెక్సాస్‌లోని మాటగోర్డా అఖాతంలో తేలాడు. నాలుగు ఓడల్లో ఒకటి దారిలోనే స్పానిష్ వారి చేతికి చిక్కింది. మరొకటి అఖాతంలోకి ప్రవేశిస్తూ ఇసుకమేట ఎక్కి పగిలింది. మూడోది ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్ళిపోయింది. మిగిలిన ఒకే ఒక ఆధారం లా బెల్. లా సాల్ నది కోసం నేల మీద వెతుక్కుంటూ ఉండగా, 1686లో ఒక తుపాను గాలికి అది కూడా అఖాతంలో మునిగిపోయింది. మరుసటి ఏడాది లా సాల్‌ను అతని మనుషులే కాల్చి చంపారు. తీరాన మిగిలిన కొద్దిమంది కట్టుకున్న కోట మీద కరంకావా తెగవారు దాడి చేసి, దాదాపు అందరినీ తుదముట్టించారు.

ఇంతటి విఫలయత్నానికి రాష్ట్ర చరిత్రలో ఇంత చోటు ఎందుకన్న ప్రశ్నకు జవాబు తరువాత జరిగినదానిలో ఉంది. ఫ్రెంచివారు వచ్చారన్న వార్త విని కంగారు పడిన స్పెయిన్, అంతవరకు పట్టించుకోని ఈ నేలలోకి దండులను పంపింది. 1689లో వారికి కోట శిథిలాలు మాత్రమే కనిపించాయి. అయినా 1690లో తూర్పు టెక్సాస్‌లో మొదటి మిషన్‌ను, అంటే క్రైస్తవ మతప్రచార కేంద్రాన్ని, నెలకొల్పారు. అక్కడి కాడో ప్రజల భాషలో మిత్రులు అనే అర్థమున్న మాట నుంచి తేహాస్, దాని నుంచి టెక్సాస్ అనే పేరు స్థిరపడ్డాయి. అంటే ఒక నావికుడు దారి తప్పడం వల్ల ఒక సామ్రాజ్యం ఇటు అడుగు వేసింది. మన తెలుగు కుటుంబాలు వేసవిలో పిల్లలను తీసుకువెళ్ళే ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ పార్కు పేరులోని ఆరు జెండాలు ఈ నేలను ఏలిన ఆరు రాజ్యాలవి. అందులో ఫ్రెంచి జెండాకు చోటు దక్కినది ఈ కొద్ది ఏళ్ళ విఫలమైన వలస వల్లనే. ఆ సంగతి మా అబ్బాయికి అక్కడే తెలిసింది. రోలర్ కోస్టరు కథ ఓడ దగ్గర మొదలవుతుందని వాడు ఊహించలేదు.

ఇక ఓడను బయటికి తీసిన కథ, ఓడ కథకు ఏమాత్రం తీసిపోదు. 1995లో టెక్సాస్ చారిత్రక సంఘం పరిశోధకులు అఖాతం అడుగున, పన్నెండు అడుగుల లోతు నీళ్ళలో దీన్ని కనుగొన్నారు. ఆ నీళ్ళు బురదగా ఉండి మునిగి చూస్తే చెయ్యి కూడా కనిపించదు. అందువల్ల ఓడ చుట్టూ ఉక్కు పలకలతో రెండు వరుసల గోడ కట్టి, మధ్యలో ఇసుక నింపి, లోపలి నీటిని తోడేసి, సముద్రం నడుమ ఆరిన నేల మీద తవ్వకం జరిపారు. అడ్డుకట్ట వేసి గోతిలో నీళ్ళు తోడి వంతెన స్తంభాలు లేపడం గోదావరి మీద చూసిన మా నాన్నగారికి ఆ పద్ధతి వెంటనే అర్థమైంది; ఆ పని పురాతత్వ పరిశోధన కోసం చేయడం మాత్రం ఆయనను ఆశ్చర్యపరిచింది. బయటపడిన వస్తువులు పది లక్షలకు పైమాటే. వాటిలో కంచు ఫిరంగులు, మట్టిపాత్రలు, గొడ్డళ్ళు, ఇత్తడి ఉంగరాలు, స్థానిక తెగలతో మార్పిడి కోసం తెచ్చిన లక్షలాది గాజుపూసలు ఉన్నాయి. ఒక కొత్త లోకంలో బతకడానికి ఏమేమి కావాలని పదిహేడవ శతాబ్దపు మనిషి అనుకున్నాడో ఆ సామానే చెబుతుంది.

ఓడ చట్రంలో మిగిలినది కింది భాగం మాత్రమే. మూడు వందల ఏళ్ళు నీటిలో నానిన ఓక్ కలపను గాలికి వదిలేస్తే ముడుచుకుపోయి పొడి అవుతుంది. అందుకే ముక్కలుగా విడదీసి, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో మైనం వంటి రసాయనంలో ఏళ్ళ తరబడి నానబెట్టి, చివరకు గడ్డకట్టించి తేమను లాగేసే భారీ యంత్రంలో ఆరబెట్టారు. ఆ రసాయనం పెట్రోలియం నుంచి తయారయ్యేది కావడంతో చమురు ధరలు పెరిగినప్పుడు ఖర్చు భరించలేక పద్ధతి మార్చుకున్నారట. చమురుతో బాగుపడిన రాష్ట్రంలో ఇది కొంత విచిత్రంగానే అనిపిస్తుంది. 2014 నుంచి ఈ మ్యూజియంలోనే, సందర్శకులు చూస్తుండగానే, ముక్కలన్నిటినీ మళ్ళీ ఓడగా కూర్చారు. ఏ ముక్క ఎక్కడిదో తెలియడానికి తోడ్పడినవాటిలో చెక్కల మీద నాటి ఫ్రెంచి వడ్రంగులు చెక్కిన రోమన్ అంకెలు కూడా ఉన్నాయి. ఈ ఓడను మొదట విడిభాగాలుగా మరో ఓడలో వేసుకుని వచ్చి ఇక్కడ బిగించాలన్నది ఆలోచన కాబట్టి ఆ గుర్తులు పెట్టుకున్నారు. ద్వారబంధాలు చేసే వడ్రంగి ఏ ముక్క ఎక్కడ కలవాలో మరిచిపోకుండా ఉలితో గాట్లు పెట్టుకోవడం మా నాన్నగారు చిన్నప్పటి నుంచి చూసినదే. ఆయన అరగంట సేపు ఆ చెక్కల ముందు నిలబడి, ఎవరో పేరు తెలియని పనివాడు తన సౌకర్యం కోసం పెట్టుకున్న గుర్తు మూడు శతాబ్దాల తరువాత పండితులకు పనికివచ్చిందని మళ్ళీ మళ్ళీ చెప్పారు.

ఓడలో ఒక నావికుడి అస్థిపంజరం కూడా దొరికింది. అతడు ముందుభాగంలో లంగరు తాడు చుట్ట మీద పడి చనిపోయాడు. 2004లో అతనిని ఆస్టిన్‌లోని టెక్సాస్ రాష్ట్ర శ్మశానవాటికలో ఖననం చేశారు. స్టీఫెన్ ఆస్టిన్ వంటి రాష్ట్ర నిర్మాతలు, ఈ మ్యూజియానికి పేరిచ్చిన బుల్లక్ ఉన్నది కూడా అక్కడే. మరో సంగతి ఏమిటంటే, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఈ ఓడకు హక్కుదారు ఇప్పటికీ ఫ్రాన్స్ ప్రభుత్వమే. 2003లో కుదిరిన ఒప్పందం మీద 99 ఏళ్ళ పాటు సంరక్షణ బాధ్యత టెక్సాస్‌ది. రాష్ట్ర మ్యూజియంలోని మకుటం రాష్ట్రానిది కాదు. అరువు తెచ్చుకున్నది.

రెండో అంతస్తు టెక్సాస్ మెక్సికోలో భాగంగా ఉన్న కాలం నుంచి మొదలై, తిరుగుబాటు, స్వతంత్ర గణతంత్రం, అమెరికాలో విలీనం, అంతర్యుద్ధం మీదుగా నడుస్తుంది. పాఠ్యపుస్తకంలో పిల్లలు చదివేదంతా ఇక్కడే ఉంది. 1836 ఫిబ్రవరి 23న మొదలై 13 రోజులు సాగిన అలమో ముట్టడి (శాన్ ఆంటోనియోలోని ఆ కోటలో నిలిచిన తిరుగుబాటుదారులను మెక్సికో సైన్యం చుట్టుముట్టి హతమార్చింది), ముట్టడి నడుస్తుండగానే మార్చి 2న మరోచోట జరిగిన స్వాతంత్ర్య ప్రకటన, ఏప్రిల్ 21న 18 నిమిషాల్లో ముగిసిన శాన్ జసింటో యుద్ధం, ఇవన్నీ రెండు నెలల వ్యవధిలో జరిగాయి. ఆ తరువాత తొమ్మిదేళ్ళకు పైగా టెక్సాస్ ఒక దేశం. 1845 డిసెంబరు 29న ఒక రాష్ట్రం. ఇక్కడివారు మార్చి 2నే పండుగలా తలచుకుంటారు, రాష్ట్రమైన తేదీని అంతగా పట్టించుకోరు. అక్టోబరు 1, నవంబరు 1, జూన్ 2 అంటూ అవతరణ దినం ఏదన్న దాని మీద ఇప్పటికీ వాదించుకునే మనకు ఈ తికమక కొత్తేమీ కాదని నాన్నగారు వ్యాఖ్యానించారు.

ఈ అంతస్తులో నా మనసు ఆగినది హువాన్ సెగీన్ అనే మనిషి దగ్గర. ఆయన శాన్ ఆంటోనియోలో పుట్టిన స్పానిష్ భాషీయుడు. మెక్సికో ప్రభుత్వాన్ని ఎదిరించి తిరుగుబాటుదారుల పక్షాన నిలిచాడు. అలమోలో ఉండి, సాయం కోరే సందేశంతో బయటికి పంపబడినందువల్ల బతికాడు. శాన్ జసింటోలో శత్రువులని పొరబడి తమవారే కాల్చకుండా ఆయన దళం టోపీల్లో అట్టముక్కలు పెట్టుకుని పోరాడింది. అలమోలో మరణించినవారి అస్థికలకు అంత్యక్రియలు జరిపినవాడూ ఆయనే. తరువాత శాన్ ఆంటోనియో మేయరయ్యాడు. కానీ కొత్తగా వచ్చి చేరినవారి అనుమానాలు, బెదిరింపుల మధ్య 1842లో తాను పోరాడి సాధించిన దేశాన్ని విడిచి మెక్సికోకు పారిపోవలసి వచ్చింది. తాను పుట్టిన నేల మీదే పరాయివాడినయ్యానని ఆయన తరువాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వీసా కాగితాలు పట్టుకుని ఈ రాష్ట్రంలో ఏళ్ళు గడిపిన నాలాంటివాడికి ఆ వాక్యం తిరగబడి వినిపిస్తుంది: వచ్చినవాడు స్థిరపడ్డాడు, ఉన్నవాడు వెళ్ళిపోయాడు.

అలమో వీరగాథకు మరో వైపు ఉందన్నది కూడా దాచవలసిన విషయం కాదు. మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ ఆజ్ఞ జారీ చేసినప్పుడు ఇక్కడి వలసదారులు మినహాయింపు సాధించుకున్నారు. 1836లో రాసుకున్న గణతంత్ర రాజ్యాంగం, బానిసలను విముక్తం చేసే అధికారం చట్టసభకు లేకుండా చేసింది. స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు చట్టసభ అనుమతి లేకుండా దేశంలో స్థిరపడకూడదంది. స్వేచ్ఛ అనే మాట గోడల మీద పెద్ద అక్షరాల్లో కనిపించినప్పుడల్లా ఈ నిబంధన గుర్తు చేసుకోవాలి. 1863 జనవరి 1న లింకన్ చేసిన విమోచన ప్రకటన ఇక్కడ అమలు కావడానికి 1865 జూన్ 19న కేంద్ర సైన్యపు జనరల్ గ్రాంజర్ తీరపట్టణమైన గాల్వెస్టన్‌లో దిగి ఉత్తర్వు వినిపించే దాకా, అంటే దాదాపు రెండున్నరేళ్ళు, పట్టింది. జూన్‌టీన్త్ పేరుతో 1980 నుంచి రాష్ట్రంలోనూ, 2021 నుంచి దేశమంతటా సెలవుదినమైనది ఆ రోజే.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా సమీక్ష పూర్తి కాదు. ఈ మ్యూజియం స్వతంత్ర సంస్థ కాదు. గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, శాసనసభ స్పీకరు సభ్యులుగా ఉన్న రాష్ట్ర పరిరక్షణ మండలి ఆధీనంలో నడుస్తుంది. అలమో కథలో బానిసత్వం పాత్రను చర్చించిన ఒక కొత్త పుస్తకంపై 2021 జూలై 1న ఇక్కడ జరగవలసిన సభ, మొదలు కావడానికి కొన్ని గంటల ముందు రద్దయింది. తానే రద్దు చేయమన్నానని లెఫ్టినెంట్ గవర్నరు బహిరంగంగానే ప్రకటించారు. కాబట్టి ఈ అంతస్తులో నడిచేటప్పుడు, తన కథను తానే చెప్పుకునే ప్రభుత్వం మాటలు వింటున్నామన్న ఎరుక ఉండాలి. గోడ మీది వ్యాఖ్య కన్నా అద్దం వెనుక వస్తువుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అలాంటి వస్తువే 1888లో శాసనసభ భవనం గోపురం మీద నిలబెట్టిన స్వేచ్ఛాదేవత అసలు విగ్రహం. దాదాపు 16 అడుగుల జింకు బొమ్మ. దగ్గర నుంచి చూస్తే ముఖం వికారంగా, మొరటుగా ఉంటుంది. మూడు వందల అడుగుల కింద నిలబడి చూసేవారికి కనుముక్కు తీరు తెలియాలని అలా చేశారు. మన ఆలయ గోపురాల మీది పై వరుస బొమ్మలు దించి కిందపెడితే ఇలాగే ఉంటాయేమో. 1986లో దీని స్థానంలో అల్యూమినియం ప్రతిరూపాన్ని పెట్టారు. ఇంత స్వాభిమానం గల రాష్ట్రం దాన్ని గోపురం మీదికి చేర్చడానికి చివరకు మిసిసిపీ రాష్ట్ర నేషనల్ గార్డ్ హెలికాప్టరును పిలిపించుకోవలసి వచ్చింది. ఆ శాసనసభ భవనానికి కూలి డబ్బు రూపంలో కాక 30 లక్షల ఎకరాల పశ్చిమ టెక్సాస్ నేల రూపంలో చెల్లించారని చదివి మా అబ్బాయి నోరు తెరిచాడు.

మూడో అంతస్తు నాకు అంతగా పట్టలేదు. చమురు, పశువులు, యుద్ధ విమానం, అంతరిక్షం, ఫుట్‌బాల్ అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కాళ్ళు అప్పటికే అలిసిపోయి ఉంటాయి. కింది అంతస్తుల్లోని ప్రశ్నార్థకం ఇక్కడ ఆశ్చర్యార్థకమైపోతుంది. అయినా ఆ కాలపు ఘట్టాల బరువు తక్కువేమీ కాదు. 1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్‌ను ముంచిన ఉప్పెనలో కనీసం ఆరు వేల మంది పోయారు. దివిసీమ ఉప్పెన నాటి వార్తలు ఇంకా మరిచిపోని మా నాన్నగారు ఆ అంకె విని కాసేపు మాట్లాడలేదు. ఆ పట్టణంవారు సముద్రానికి అడ్డుగోడ కట్టడమే కాక, రెండు వేలకు పైగా భవనాలను జాకీలతో పైకెత్తి, కింద ఇసుక నింపి, ఊరినే ఎత్తు చేశారు. కానీ ఉప్పెన వచ్చిన నాలుగు నెలలకే, 1901 జనవరి 10న, బ్యూమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ బావిలో చమురు ఎగజిమ్మి తొమ్మిది రోజులు ఆగలేదు. ఆ సంపద లోతట్టున భద్రంగా ఉన్న హ్యూస్టన్ వైపు ప్రవహించింది. గాల్వెస్టన్ మళ్ళీ పాత స్థాయికి చేరలేదు.

చమురు ప్రస్తావనలో మా ఇంటివారికి నేను చెప్పిన ఒక కథ ఇక్కడ రాయడం తప్పు కాదనుకుంటాను. 1937లో తూర్పు టెక్సాస్ చమురు ప్రాంతంలోని న్యూ లండన్ అనే ఊళ్ళో, ఖర్చు కలిసివస్తుందని చమురు బావుల మిగులు గ్యాసును బడికి పెట్టుకున్నారు. వాసన లేని ఆ గ్యాసు కారి, నేలమాళిగలో నిండి, పేలి, దాదాపు మూడు వందల మందిని బలితీసుకుంది. వారిలో అధికులు పిల్లలే. గ్యాసుకు ఘాటైన వాసన కలపాలని టెక్సాస్ చట్టం తెచ్చినది ఆ తరువాతే. మన వంటింట్లో సిలిండరు లీకైతే వాసనతో మేలుకోవడం వెనుక అలాంటి ప్రమాదాలు నేర్పిన పాఠం ఉంది.

అంతరిక్షం దగ్గర భారతీయులెవరూ ఆగకుండా వెళ్ళరు. ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా వ్యోమనౌక 2003 ఫిబ్రవరి 1న ఈ రాష్ట్రపు ఆకాశంలోనే ముక్కలై, తూర్పు టెక్సాస్ అడవుల్లో రాలింది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష 2021లో అంతరిక్షపు అంచును తాకి వచ్చారని మా అబ్బాయి తన తాతయ్యకు చెప్పాడు. ఆ సంగతి ముందే తెలిసినా ఆయన తెలియనట్టు విన్నారు.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. మ్యూజియం కాంగ్రెస్ అవెన్యూ మీద, శాసనసభ భవనానికి ఉత్తరంగా నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉంది; భవనం కిందే పార్కింగు దొరుకుతుంది. నెలలో మొదటి ఆదివారం ప్రదర్శనలకు టికెట్టు లేకుండా అనుమతించే ఆనవాయితీ ఉంది, అయితే ఆ రోజు పిల్లల సందడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఓడ దగ్గర నిదానంగా నిలబడాలనుకునేవారు మామూలు రోజున టికెట్టు కొనుక్కుని వెళ్ళడం మేలు. ఐమాక్స్ తెర కోసం సమయం వెచ్చించే బదులు ఆ గంట మొదటి అంతస్తుకు ఇవ్వమని నా సలహా. మూడు అంతస్తులూ ఒకే రోజు చూడాలన్న పట్టుదల వద్దు. పెద్దవారు వెంట ఉంటే లిఫ్టులు ఉన్నాయి, మధ్యలో కూర్చోవడానికి చోటూ ఉంది. శాకాహారులు మాత్రం తినడానికి ఏదైనా కారులో పెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది. మేము పులిహోర తెచ్చుకున్నాము.

తిరుగు ప్రయాణానికి వారం ముందు, మరొక్కసారి చూడాలనిపిస్తున్న చోటేదైనా ఉందా అని మా నాన్నగారిని అడిగాను. హ్యూస్టన్‌లోని నాసా కేంద్రం పేరు చెబుతారనుకున్నాను. ఆయన ఓడ అన్నారు. ఆ రెండోసారి మేము పైఅంతస్తులు ఎక్కనేలేదు.